వాళ్ళంటే ఎవరు?

“క్రకటోవా ఇరప్టెడ్ ఇన్ 1883, విచ్ కూల్డ్ ద ఎర్త్.”

ఇంగ్లీషు తెలిసిన ఎవరికైనా ఈ వాక్యం ఇట్టే అర్థమవుతుంది. నేటి ఇండోనేషియాలో ఉన్న క్రకటోవా అగ్నిపర్వతం 1883లో పేలింది, ఆ పేలుడు వల్ల భూమి చల్లబడింది. నిజంగా జరిగింది కూడా అదే. ఆ ఏడాది ఆగస్టులో ఎగసిన ధూళి, గంధకపు వాయువులు ఆకాశపు పైపొరల్లో పరుచుకుని ఎండను అడ్డుకున్నాయి. ఎక్కడెక్కడి దేశాల్లోనో సాయంత్రాలు నెలల తరబడి ఎర్రగా మండాయి. అయినా మేనేజ్‌మెంటు చదువుల కోసం రాసే జీమ్యాట్ పరీక్షలో ఈ వాక్యం తప్పయ్యేది. ఆ పరీక్ష పద్ధతిలో ‘విచ్’ ఒక నామవాచకాన్ని పట్టుకోవాలి తప్ప జరిగిన సంగతి మొత్తాన్ని పట్టుకోకూడదు. వెనక్కి తిరిగి చూస్తే దానికి అందేంత దగ్గరలో ఉన్నది 1883. అంటే భూమిని చల్లబరిచింది అగ్నిపర్వతం కాదు, ఒక సంవత్సరం!

ఈ రెండో అర్థం ఒక్కసారిగా కళ్ళముందు నిలబడే క్షణం కోసమే నేను ఆ పరీక్షలోని ఇలాంటి ప్రశ్నల్ని ఇష్టపడతాను. పంచాంగంలోంచి ఒక అంకె లేచి వచ్చి భూగోళం మీద చల్లటి చెయ్యి వేసినట్టు ఒక చిత్రం కనిపిస్తుంది. అంతవరకూ మన మనసు ఆ చిత్రాన్ని చూడనివ్వలేదు. తెలిసిన అర్థం వైపు మనల్ని నడిపించేసి, అక్షరాలా అక్కడ ఏం రాసి ఉందో దాచేసింది. ప్రశ్న ఆ తెర తీస్తుంది. ‘విచ్ కూల్డ్’ తీసేసి ‘కూలింగ్’ అన్న ఒక్క మాట పెట్టండి. ఆ మాట సంవత్సరానికి అతుక్కోదు, పేలడమనే క్రియకు అతుక్కుంటుంది. అగ్నిపర్వతం మళ్ళీ అగ్నిపర్వతమవుతుంది, సంవత్సరం మళ్ళీ సంవత్సరమవుతుంది.

జీమ్యాట్ 1954 నుంచీ ఉన్న పరీక్ష. అందులో ‘సెంటెన్స్ కరెక్షన్’ అనే విభాగం దశాబ్దాల పాటు నడిచింది. ఒక వాక్యం ఇచ్చేవారు. అందులో కొంత భాగం కిందో, మొత్తం కిందో గీత గీసేవారు. ఐదు జవాబులు ఉండేవి. మొదటిది ఎప్పుడూ ఉన్న వాక్యాన్ని ఉన్నట్టే ఉంచేది. మిగతా నాలుగు దాన్ని నాలుగు రకాలుగా తిరగరాసేవి. 2023 నవంబరులో కొత్త తరహా జీమ్యాట్ వచ్చినప్పుడు ఈ విభాగాన్ని తీసేశారు. మేనేజ్‌మెంటు చదువుకు అది అవసరమా కాదా అన్న చర్చ నాకు పట్టదు. ఒకే భావాన్ని ఐదు రకాలుగా చెప్పి, ఆ ఐదింటిలో నాలుగు వేరే భావాలని చూపించే ఇంత చిన్న రూపం ఇంకెక్కడా నా కంటపడలేదు. అది పోయిందని నాకు నిజంగానే బెంగ.

చాలామంది ఈ ప్రశ్నల్ని నియమాల పట్టీగా నేర్చుకునేవారు. అమీర్‌పేట కోచింగు సెంటర్లలో గోడల మీదా నోట్సుల్లోనూ అలాగే ఉండేవి: ‘ఇట్’ ఏకవచనం, ‘దే’ బహువచనం, ‘విచ్’ పక్కనున్న నామవాచకం, ఇలా. నియమాలు తెలియాలి, కాదనను. కానీ మంచి ప్రశ్నలో తప్పు జవాబు కేవలం నియమం తప్పింది కాదు. అది మరో లోకాన్ని వర్ణిస్తోంది. ఆ లోకంలో సంవత్సరాలు వాతావరణాన్ని మారుస్తాయి, వలయాలు గ్రహాలతో పోటీపడతాయి. ఆ లోకాన్ని చూడగలిగినవాడే సరైన జవాబు అందాన్ని కూడా చూడగలడు. నియమం గుర్తున్నంత మాత్రాన జవాబు దొరకొచ్చు, ఆ ఆనందం దొరకదు.

మన శాస్త్రకారులు వాక్యార్థం ఎలా పుడుతుందో చెబుతూ మూడు మాటలు వాడారు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’లో ఈ మూడూ చక్కగా వరసలో ఉంటాయి. ఒక పదం మరో పదాన్ని కోరుకోవడం ఆకాంక్ష. కలిసిన పదాల అర్థాలు ఒకదానికొకటి పొసగడం యోగ్యత. నిప్పుతో తడపమంటే వ్యాకరణం ఉంటుంది కానీ యోగ్యత ఉండదు. పదాలు ఆలస్యం లేకుండా దగ్గరదగ్గరగా రావడం సన్నిధి. ఈ మూడు మాటలూ పట్టుకుని సర్వనామాల ప్రశ్నలోకి వెళితే అది అద్దంలా తేటపడుతుంది. సర్వనామమంటే నిలువెల్లా ఆకాంక్షే. తనకంటూ సొంత అర్థం లేదు, నామం కోసం చెయ్యి చాచడమే దాని పని. సన్నిధి దానికి ఒక నామాన్ని అందిస్తుంది. యోగ్యత మరొకదాన్ని చూపిస్తుంది. మంచి ప్రశ్నలో సన్నిధీ యోగ్యతా ఎదురెదురుగా నిలబడి సర్వనామాన్ని చెరో వైపు లాగుతుంటాయి. క్రకటోవా వాక్యంలో జరిగింది ఆ పెనుగులాటే. సన్నిధి 1883 వైపు లాగింది, యోగ్యత పేలుడు వైపు లాగింది.

ఇప్పుడు అన్నిటికన్నా సొగసైన దాని దగ్గరకు వస్తాను. “ద రింగ్స్ ఆఫ్ శాటర్న్ ఆర్ బ్రైటర్ దేన్ దోజ్ ఆఫ్ యురేనస్.” శనిగ్రహపు వలయాలు యురేనస్ వలయాల కంటే కాంతిమంతమైనవి. ఇందులో ‘దోజ్’ అన్న చిన్న మాట చేసే పని చూడండి. అది ‘రింగ్స్’ అన్న మాటను తిరిగి తెస్తుంది కానీ ఆ వలయాలనే తిరిగి తీసుకురాదు. శని చుట్టూ ఉన్న మంచు వలయాలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. ‘దోజ్’ వాటి జాతిని మాత్రమే పట్టుకుని, వందకోట్ల కిలోమీటర్లకు పైగా అవతల, మరో గ్రహం చుట్టూ, వేరే వలయాల్ని నిలబెడుతుంది. అదే చోట ‘దెమ్’ పెడితే శని వలయాలే కావాలి, వేరేవి కుదరవు. అవే యురేనస్‌కు ఎలా వెళతాయి? ‘దోజ్ ఆఫ్’ పూర్తిగా తీసేసి ‘బ్రైటర్ దేన్ యురేనస్’ అంటే వలయాల్ని ఏకంగా ఒక గ్రహంతో పోల్చినట్టు. ‘దట్ ఆఫ్’ అంటే యురేనస్‌కు ఒకటే వలయం ఉందని ఒప్పుకున్నట్టు, పైగా వెనక ఉన్న బహువచనంతో పొత్తు కుదరదు. ఒకే స్థానంలో నాలుగు మాటలు, నాలుగు సౌరమండలాలు. వాటిలో ఒక్కటే మనం ఉంటున్నది.

వస్తువును పట్టుకునే సర్వనామం వేరు, జాతిని పట్టుకునే సర్వనామం వేరు అన్న ఈ తేడా తెలుగులోనూ ఉంది. మనం రోజూ వాడుతూనే ఉంటాం. ‘మా ఊరి చెరువు మీ ఊరిదాని కంటే పెద్దది’ అంటాం. ఆ ‘ఊరిది’లో ఉన్న ‘ది’ సాక్షాత్తూ ‘అది’యే. తల కాస్త తగ్గించుకుని ఊరి వెనక ఒదిగి నిలబడింది. చెరువు అన్న మాటను తెచ్చింది, మా చెరువును మాత్రం తేలేదు. ఇంత సున్నితమైన పని మన నోట్లో ఇంత అలవోకగా జరిగిపోతుంటే, ‘దట్ ఆఫ్’, ‘దోజ్ ఆఫ్’ అనేవి పరాయి నియమాలని తెలుగు పిల్లలు భయపడటం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

సమూహాల సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళతాను. అమెరికన్ పరీక్షల్లో కమిటీ, కంపెనీ, టీము అన్నీ ‘ఇట్’. బ్రిటిష్ వాడుకలో ‘దే’ కూడా చెల్లుతుంది. మనం ‘కరెంటు వాళ్ళు’, ‘బ్యాంకు వాళ్ళు’ అని మనుషుల్నే చూస్తాం కాబట్టి మనకు ‘దే’ సహజంగా నోటికి వస్తుంది. కానీ కమిటీ ‘ఇట్స్ రిపోర్ట్’ ఇచ్చిందంటే అందరూ ఒకే గొంతుతో మాట్లాడినట్టు. సభ్యులు ‘దెయిర్ రిపోర్ట్స్’ ఇచ్చారంటే ఎవరికి వాళ్ళు రాసుకున్నట్టు. ఏకాభిప్రాయమా, చీలికా అన్న పెద్ద సంగతి ఒక చిన్న సర్వనామం మీద ఆధారపడి ఉంటుంది.

అసలైన లోతు మాత్రం వచనం, లింగం ఏవీ సాయపడని చోట ఉంది. తెలుగులోనే చెబుతాను. ‘ఇంజనీర్లు కాంట్రాక్టర్ల బిల్లులు ఆపేశారు. వాళ్ళు నాసిరకం సిమెంటు వాడారు.’ వాళ్ళంటే ఎవరు? కాంట్రాక్టర్లు. ఎవరూ క్షణం కూడా ఆలోచించరు. ఇప్పుడు రెండో వాక్యాన్ని మారుద్దాం. ‘ఇంజనీర్లు కాంట్రాక్టర్ల బిల్లులు ఆపేశారు. వాళ్ళు సిమెంటును పరీక్షకు పంపారు.’ వాళ్ళంటే ఇంజనీర్లు. ‘వాళ్ళు’ అన్న మాట మారలేదు, దాని స్థానం మారలేదు, వచనం మారలేదు. తర్వాత వచ్చిన రెండు మూడు మాటల వల్ల ఆ సర్వనామం ఒక గుంపును వదిలి రెండో గుంపు దగ్గరకు వెళ్ళి నిలబడింది. అలా వెళ్ళమని దానికి చెప్పింది ఏ వ్యాకరణ సూత్రమూ కాదు. రోడ్డు ఎవరు వేస్తారు, డబ్బు ఎవరు ఇస్తారు, మోసం ఎవరు చేస్తారు, తనిఖీ ఎవరు చేస్తారు అన్న లోకజ్ఞానం. ఇది నూటికి నూరుపాళ్ళూ యోగ్యత చేసిన పని.

ఇలాంటి జంట వాక్యాల గురించి కంప్యూటర్ శాస్త్రవేత్త టెర్రీ వినోగ్రాడ్ 1972లోనే రాశాడు. 2012లో హెక్టర్ లెవెస్క్ మరో ఇద్దరితో కలిసి వీటినే యంత్రాలకు పరీక్షగా పెట్టాలని ప్రతిపాదించాడు. యంత్రానికి నిజంగా తెలివి ఉందో లేదో తేల్చడానికి చదరంగమో గణితమో కాకుండా, ‘వాళ్ళంటే ఎవరు’ అన్న ప్రశ్నను ఎంచుకున్నారు. ఒక సర్వనామం సరిగ్గా ఎటు చూపిస్తోందో తెలియడమంటే లోకం ఎలా నడుస్తోందో తెలియడమే అని ఒప్పుకున్న సందర్భమది. పిల్లల పరీక్షపత్రంలో ఒక మూల ఉండే ప్రశ్నకు ఇంతకు మించిన గౌరవం దొరకదు.

అందుకే నిజమైన జీమ్యాట్ ప్రశ్నలు కోచింగు నియమాల కంటే ఉదారంగా ఉండేవి. సర్వనామానికి వ్యాకరణం ప్రకారం రెండు నామాలు అందుతున్నా, అర్థం ఒక్కదానికే పొసగితే వాక్యాన్ని సరైనదిగానే ఉంచిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ‘సందిగ్ధత ఉంటే కొట్టేయాలి’ అని గుడ్డిగా వెళ్ళిన విద్యార్థి అక్కడ పడేవాడు. వాక్యాన్ని చదివినవాడు నిలబడేవాడు. ప్రశ్న రాసినవాళ్ళకు యోగ్యత మీద అంత నమ్మకం ఉండడం నాకు చాలా నచ్చే విషయం.

ఇక్కడ తెలుగు పిల్లల గురించి ఒక మాట. ‘రవి తను గెలిచానన్నాడు’ అంటే గెలిచింది రవి. ‘రవి అతను గెలిచాడన్నాడు’ అంటే గెలిచింది ఇంకొకడు. మనకు సందేహమే రాదు. ఎవరి నోటి మాటో వాళ్ళ దగ్గరకే ‘తను’ తిరిగి వెళుతుంది, పైగా క్రియ కూడా ‘గెలిచాను’ అని లోపలి గొంతును నిలుపుకుంటుంది. ఇంగ్లీషులో ఈ రెండిటికీ ఉన్నది ఒకే ‘హీ’. ‘రవి సెడ్ హీ వన్’ అన్నప్పుడు ఆ ‘హీ’ ఎవరో సందర్భం చెప్పాలి. చిన్నప్పటి నుంచీ ‘తను’తో పెరిగిన చెవికి ఆ ‘హీ’ కాస్త బోలుగా వినిపిస్తుంది. కాబట్టి మనవాళ్ళు ఇంగ్లీషు సర్వనామాల దగ్గర తడబడితే అది తెలివితక్కువతనం వల్ల కాదు. తమ భాష తీర్చిపెట్టిన సందేహాన్ని అవతలి భాష విప్పి పెట్టింది, అంతే. ఒకసారి దాన్ని గమనించిన తెలుగు విద్యార్థి ఇంగ్లీషు వాక్యాన్ని ఇంగ్లీషువాడి కంటే జాగ్రత్తగా చదువుతాడు. అలా చదివినవాళ్ళను నేను చూశాను.

ఇప్పుడు ఒక వివాదం. 2002 అక్టోబరులో అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసిన పీశాట్ పరీక్షలో నవలా రచయిత్రి టోనీ మోరిసన్ గురించి ఒక వాక్యం ఇచ్చారు. “టోనీ మోరిసన్స్ జీనియస్ ఎనేబుల్స్ హర్ టు క్రియేట్ నావెల్స్…” అని మొదలవుతుంది. ఆఫ్రికన్ అమెరికన్లు అనుభవించిన అన్యాయాల్లోంచి పుట్టి, వాటినే పలికించే నవలలు రాయగలిగేలా మోరిసన్ ప్రతిభ ఆమెకు శక్తినిస్తోందని దాని భావం. ఇందులో తప్పు ఎక్కడుందో గుర్తించాలి, లేకపోతే లేదని చెప్పాలి. పరీక్ష పెట్టినవాళ్ళు అనుకున్న జవాబు: తప్పేమీ లేదు.

మేరీలాండ్‌లో ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు ఒప్పుకోలేదు. ‘హర్’ అన్న సర్వనామానికి వెనక ‘టోనీ మోరిసన్’ అనే నామం లేదు, ‘మోరిసన్స్’ అన్న షష్ఠీ రూపం మాత్రమే ఉంది. షష్ఠి విశేషణంలా పనిచేస్తుంది, విశేషణాన్ని సర్వనామం పట్టుకోలేదు అన్నది ఆయన వాదం. కొన్ని వ్యాకరణ పుస్తకాల్లో ఆ నియమం ఉంది కూడా. మొదట కాదన్న పరీక్షా సంస్థ ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాక నిపుణులను సంప్రదించి, 2003లో ఆ ప్రశ్నను లెక్కలోంచి తీసేసింది. మార్కులు మళ్ళీ లెక్కగట్టారు.

ఒక ‘హర్’ మీద అంత పట్టుదలగా నిలబడ్డ ఉపాధ్యాయుడి మీద నాకు గౌరవం ఉంది. చదివే ప్రతి మాటకూ జవాబుదారీ ఉండాలని నమ్మిన మనిషి ఆయన. కానీ తీర్పు విషయంలో నేను ఆ వాక్యం పక్షం. పదకొండో శతాబ్దపు మమ్మటుడు ‘కావ్యప్రకాశం’ ఏడో ఉల్లాసంలో దోషాన్ని నిర్వచిస్తూ, ముఖ్యార్థానికి దెబ్బ తగిలితేనే అది దోషం అన్నాడు. అదే ఉల్లాసంలో ‘యత్’, ‘తత్’ సర్వనామాల జంట పొత్తు తప్పితే ప్రధానంగా చెప్పదలచుకున్నది ఎలా మరుగున పడుతుందో ఓపికగా చర్చించాడు. అంటే సర్వనామాలు ముఖ్యార్థానికి సంబంధించిన సంగతి అని మన ఆలంకారికులు ఎప్పుడో గుర్తించారు. ఆ కొలత పెట్టి చూడండి. మోరిసన్ వాక్యంలో ‘హర్’ను ఎవరైనా ఇంకెవరికైనా అన్వయిస్తారా? పట్టుకోవడానికి అక్కడ మరో స్త్రీ లేదు. ‘జీనియస్’ స్త్రీ కాదు. తప్పు చదువు దొరకదు, కాబట్టి అది చూపించే రెండో లోకమూ దొరకదు. ముఖ్యార్థానికి గీత కూడా పడలేదు. క్రకటోవా వాక్యాన్ని దిద్దితే మనకు ఒక అగ్నిపర్వతం తిరిగి దక్కింది. ఈ వాక్యాన్ని దిద్దితే దక్కేది ఏమీ లేదు, ఒక నియమం మాత్రం తృప్తి పడుతుంది.

నన్ను ఇంకా ఆలోచింపజేసే సంగతి, ఆ ‘హర్’ మోరిసన్‌దే కావడం. 1987లో వచ్చిన ‘బిలవ్డ్’ నవల మధ్య అధ్యాయాల్లో తల్లి సెథ, కూతురు డెన్వర్, తిరిగొచ్చిన బిలవ్డ్ అనే ముగ్గురి గొంతులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ‘నేను’ అంటున్నదెవరో, ‘నువ్వు’ అన్నది ఎవరినో, ‘నాది’ అన్నది ఎవరి మీద హక్కో విడదీయలేని స్థితికి వస్తాయి. బానిసత్వం మనుషుల్ని ఒకరి నుంచి ఒకరిని తెంచేసింది కనుక, ఆ తెగిన అంచులు అక్కడ సర్వనామాల్లో అతుక్కుంటున్నాయి. ఏ పరీక్షా దాన్ని ఒప్పుకోదు. కానీ సర్వనామం ఎటు చూపాలో ఇంత కచ్చితంగా తెలిసిన రచయిత్రే అది ఎటూ తేల్చనివ్వకుండా రాయగలదు. అక్కడ సందిగ్ధత ముఖ్యార్థాన్ని దెబ్బతీయదు, అదే ముఖ్యార్థం.

జీమ్యాట్‌లో పోయినా, అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే, ఇప్పుడు డిజిటల్ రూపంలో జరుగుతున్న శాట్‌లో సర్వనామాల ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ఖాళీ ఇస్తారు, నాలుగు మాటలు ఇస్తారు, ఒకటి ఎంచుకోవాలి. బాగానే ఉంటాయి కానీ ఎక్కువ భాగం వచనం దగ్గరే ఆగిపోతాయి. వాక్యం మొత్తాన్ని తిరగరాసి చూపే విశాలత వాటికి లేదు. ఆ విశాలతలో ఎంత పట్టేదో చెప్పడానికి నేనే కట్టిన ఒక వాక్యం ఇస్తాను.

“ఇన్ ద ఇయర్ ఇట్ డినైడ్ హర్ ఎ సీట్, ద ఫ్రెంచ్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సా మేరీ క్యూరీ విన్ హర్ సెకండ్ నోబెల్ ప్రైజ్.”

1911 జనవరిలో ఫ్రెంచి సైన్స్ అకాడమీ మేరీ క్యూరీకి సభ్యత్వం ఇవ్వలేదు. ఆ ఏడాదే ఆమెకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. భౌతికశాస్త్రంలో వచ్చింది 1903లో. వాక్యంలో ‘ఇట్’, ‘హర్’ రెండూ తమ నామాల కంటే ముందే వచ్చేశాయి. ఎవరు నిరాకరించారో తెలియదు, ఎవరికి నిరాకరించారో తెలియదు, నిరాకరణ ఒక్కటే తెలుసు. కామా దాటగానే అకాడమీ వస్తుంది, ‘ఇట్’ తీరుతుంది. ఇంకో మాట దాటాక క్యూరీ వస్తుంది, ‘హర్’ తీరుతుంది. కామా తర్వాత ‘మేరీ క్యూరీ వన్’ అని మొదలుపెడితే ‘ఇట్’ దిక్కులేనిదై పోతుంది, కాబట్టి ఆ జవాబు తప్పు. ‘ఇట్’ బదులు ‘దే’ అంటే సంస్థ కరిగిపోయి ఎవరో కొందరు మనుషులు మిగులుతారు, అదీ తప్పు.

క్యూరీ పేరును మొదటి సగంలోకి తెచ్చి, ‘హర్’ను రెండో సగంలోకి పంపితే మాత్రం వ్యాకరణం హాయిగా ఒప్పుకుంటుంది. రెండూ సరైనవే కనుక ఈ రెండిటి మధ్య ఎంచుకోమని ఏ పరీక్షా అడగలేదు. అడిగితే నేను పేరును రెండో సగంలో ఉంచిన వాక్యాన్నే ఎంచుకుంటాను. తలుపు మూసినప్పుడు ఆమె అకాడమీకి ఉత్త ‘హర్’. నోబెల్ అందుకున్నప్పుడు మేరీ క్యూరీ.